ఉద్యోగం అడగడానికి వచ్చినవాళ్ల ఫైల్లో ఏముంది?

(ఉపాధి సహాయ కార్యక్రమాల్లో పనిచేసే కౌన్సిలర్లు, డేటా ఎంట్రీ సిబ్బంది, కొందరు అభ్యర్థులు హాజరైన సమావేశంలో చేసిన ప్రసంగం. చివర సభలో వచ్చిన ప్రశ్నలు, జవాబులు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక వరసదాకా వినిపిస్తోంది కదా? సరే, మొదలుపెడతాను.

మీరు రోజూ నింపించే రిజిస్ట్రేషన్ ఫారాన్ని ఒకసారి తలుచుకోండి. మొదటి పేజీలో పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు, చిరునామా. దీనితో ఎవరికీ పేచీ లేదు. రెండో పేజీలో చదువు, చేసిన ఉద్యోగాలు, ఎందుకు మానేశారు. మూడో పేజీకి వచ్చేసరికి వరస మారుతుంది. ఆరోగ్య సమస్యలు ఉన్నాయా? మందులు వాడుతున్నారా? ఎప్పుడైనా శిక్ష పడిందా? అప్పులు ఎంత? ఇంట్లో మీ మీద ఆధారపడినవాళ్లు ఎందరు? ఇప్పుడుంటున్న ఇంట్లో ఎన్నాళ్లు ఉండగలరు?

మామూలుగా ఈ సంగతులన్నీ ఒకచోట ఉండవు. బ్యాంకుకు అప్పు తెలుసు, జబ్బు తెలీదు. డాక్టరుకు జబ్బు తెలుసు, కోర్టు కేసు తెలీదు. లాయరుకు కేసు తెలుసు, పాత ఆఫీసులో ఎందుకు గొడవైందో తెలీదు. ఇవన్నీ ఒకే పేరు కింద, ఒకే ఫైల్లో చేరేది మన దగ్గరే. పైగా చెప్పేది ఎప్పుడు? చేతిలో పని లేనప్పుడు, మనసు బాగోలేనప్పుడు, ఎదుట కూర్చున్న మనిషికి మన మీద మంచి అభిప్రాయం కలిగితే ఏదో ఒక దారి దొరుకుతుందన్న ఆశలో ఉన్నప్పుడు. అడిగినదానికంటే ఎక్కువే చెబుతారు. కౌన్సిలర్లుగా చేస్తున్నవాళ్లకు ఇది నేను చెప్పక్కర్లేదు.

అసలు అడగడమే తప్పని నేననను. వెన్ను దెబ్బతిన్న మనిషిని బరువులెత్తే పనికి పంపిస్తే రెండో వారానికల్లా తిరిగొస్తాడు. పసిపిల్లల తల్లిని రాత్రి షిఫ్టుకు పంపిస్తే ఆవిడకూ మేలు లేదు, కంపెనీకీ మేలు లేదు. తెలుసుకోవాలి. కాకపోతే కౌన్సిలర్‌కు తెలియాల్సింది వేరు, ఉద్యోగం ఇచ్చే యజమానికి తెలియాల్సింది వేరు, కార్యక్రమానికి డబ్బులిచ్చే శాఖకు తెలియాల్సింది వేరు. ఈ ముగ్గురి మధ్యా గోడలుండాలి. కట్టాల్సింది కార్యక్రమం నడిపేవాళ్లు. మనమేం చేస్తున్నాం? అభ్యర్థి చేత ఒక సంతకం పెట్టించుకుని ఆ బరువంతా ఆయన మీదికి నెట్టేస్తున్నాం. ఇవాళ నా గొడవంతా దీని గురించే.

ఆ సంతకం దగ్గరికే వద్దాం. ఫారం చివర ఒక పేరా ఉంటుంది. ‘కార్యక్రమ అవసరాల నిమిత్తం నా వివరాలను భాగస్వామ్య సంస్థలతో పంచుకొనుటకు సమ్మతించుచున్నాను.’ కింద చుక్కల గీత. ఎవరా భాగస్వాములు? ఏమిటా అవసరాలు? ఎన్నాళ్లపాటు? అందులో ఏదీ ఉండదు. ‘సంతకం పెట్టకపోతే ఏమవుతుందండీ?’ అని ఒక అభ్యర్థి అడిగితే మన కౌంటర్లో వచ్చే జవాబు తెలుసు కదా. ‘అయితే రిజిస్టర్ చేయలేం.’ రిజిస్టర్ కాకపోతే శిక్షణ లేదు, ఇంటర్వ్యూ లేదు. కొన్ని దేశాల్లో నిరుద్యోగ భృతి కూడా ఆగిపోతుంది. అలాంటి చోట పెట్టిన సంతకాన్ని ఇష్టపూర్వకమైన సమ్మతి అని ఎలా అంటాం?

చట్టాలు కూడా ఈ అనుమానం వ్యక్తం చేశాయి. యూరోపియన్ యూనియన్‌లో 2018 మే నుంచి అమలవుతున్న వ్యక్తిగత డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ ఉంది. ఇద్దరి మధ్య బలాబలాల్లో స్పష్టమైన తేడా ఉన్నప్పుడు, ముఖ్యంగా అవతల ఉన్నది ప్రభుత్వ సంస్థ అయినప్పుడు, సమ్మతిని ఆధారంగా చూపించడం సరికాదని అందులో రాసి ఉంది. అంటే సర్కారీ ఉపాధి సంస్థ వివరాలు తీసుకోవాలంటే చట్టం తనకు అప్పగించిన పని ఏమిటో చూపించి తీసుకోవాలి. భారతదేశం 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీలు, ప్రయోజనాలు, సేవల లాంటివాటికి కొన్ని షరతుల మీద సమ్మతి లేకుండానే డేటా వాడుకోవచ్చంటుంది. ‘సమ్మతే అక్కర్లేదంటే ఇంకేం, హాయి’ అని ఎవరో నవ్వుతున్నారు అక్కడ. అక్కర్లేనిచోట అడిగినట్టు నటించడం మానేయమంటున్నాను నేను. ‘ఈ నాలుగు వివరాలు లేకుండా మీకు పని చూడలేం. ఇవి ఫలానావాళ్లకు వెళ్తాయి. ఈ మిగతావి మీ ఇష్టం, చెప్పకపోయినా మీ సీటు ఎక్కడికీ పోదు.’ ఇలా చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాల్లోనే అభ్యర్థికి మీ మీద నమ్మకం కుదురుతుంది.

అదే భారత చట్టంలో ఇంకో సంగతి కూడా ఉంది. సమ్మతి అడిగేటప్పుడు ఇచ్చే నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లో ఏదో ఒకదానిలో గానీ చదువుకునే వీలు కల్పించాలి. తెలుగు ఆ జాబితాలో ఉంది. ఉన్నంతమాత్రాన నేనిందాక చదివిన ‘సమ్మతించుచున్నాను’ తరహా తెలుగు రాసి చేతులు దులుపుకుంటే లాభం లేదు. ఆ చట్టం నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు పెట్టారు. ఫారాలు తిరగరాసుకోవడానికి ఆ వ్యవధి సరిపోతుంది.

ఇప్పుడు యజమాని వైపు గోడ. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. చెడు ఉద్దేశంతో జరిగేవి తక్కువ. ఎలాగైనా ఉద్యోగం ఇప్పించాలన్న ఆత్రంలో జరిగేవే ఎక్కువ. కంపెనీ హెచ్ఆర్ ఫోన్ చేసి ‘ఈ అబ్బాయి ఎలాంటివాడు, ఏమైనా ప్రాబ్లమ్ ఉందా?’ అని అడుగుతారు. మన కౌన్సిలర్ మంచి మనసుతోనే ‘చాలా మంచివాడండీ, పాపం డిప్రెషన్‌కు ట్రీట్‌మెంట్ తీసుకుంటున్నాడు, ఒక్క ఛాన్స్ ఇస్తే నిలబడతాడు’ అంటారు. అంతే, అయిపోయింది. ఛాన్స్ ఇచ్చినా, రేపు ఆ అబ్బాయి ఒకరోజు ఆలస్యంగా వస్తే ‘ఓహో, మళ్లీ మొదలైంది’ అంటారు. మిగతావాళ్లు ఆలస్యంగా వస్తే ట్రాఫిక్ అంటారు.

దీనికి పద్ధతి ఉంది. జబ్బు పేరు గోడకు ఇవతలే ఉండాలి. అవతలికి వెళ్లాల్సింది ఆ జబ్బు వల్ల పనిలో కావాల్సిన మార్పు మాత్రమే, అదీ అభ్యర్థి సరేనంటేనే. ‘డిస్క్ సమస్య ఉంది’ అనే బదులు ‘కూర్చుని చేసే పని కావాలి, పది కిలోలకు మించి ఎత్తకూడదు.’ ‘సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్తుంది’ అనే బదులు ‘నెలకోసారి మంగళవారం ఉదయం సెలవు కావాలి.’ ‘మూర్ఛ వస్తుంది’ అనే బదులు ‘నిచ్చెన మీద, తిరిగే యంత్రాల దగ్గర పని ఇవ్వొద్దు.’ యజమాని పని ఏర్పాటు చేసుకోవడానికి ఇంతకుమించి అక్కర్లేదు. ఈ చివరిదాని విషయంలో, పడిపోతే ఏం చేయాలో పక్కనున్నవాళ్లకు తెలిస్తే మంచిదని అభ్యర్థికే అనిపించవచ్చు. అప్పుడు చెప్పేది అభ్యర్థే, తన నోటితో, తనకు నచ్చిన మనిషికి.

జీడీపీఆర్ ఆరోగ్యం, మతం, కార్మిక సంఘ సభ్యత్వం లాంటివాటిని ప్రత్యేక కేటగిరీలో పెట్టి గట్టి కట్టుదిట్టాలు చేసింది. శిక్షలు, నేరాల వివరాలకు వేరే నిబంధన ఉంది. భారత చట్టం అలా విడదీయలేదు. అన్నిటినీ వ్యక్తిగత డేటా కిందే చూస్తుంది. అంటే చట్టం ఊరుకున్నా, షుగర్ రిపోర్టునూ సైజు ఎల్ చొక్కానూ ఒకే కాలమ్ వరసలో పెట్టకూడదన్న ఇంగితం మనకుండాలి.

ఇక డబ్బులు. ఈ మాట సభల్లో తక్కువగా వస్తుంది. చాలా కార్యక్రమాలకు ఫలితాన్ని బట్టి చెల్లింపులుంటాయి. అభ్యర్థి ఉద్యోగంలో చేరితే కొంత, ఇన్ని నెలలు నిలబడితే ఇంకొంత. నిలబడ్డాడని రుజువు కావాలి. రుజువు కోసం మన టీమ్‌లో ఎవరో నేరుగా కంపెనీకి ఫోన్ చేస్తారు. ‘ఫలానా కార్యక్రమం నుంచి మాట్లాడుతున్నామండీ, ఫలానా వ్యక్తి మీ దగ్గర ఇంకా పనిచేస్తున్నారా?’ ఆ వ్యక్తి ఉద్యోగం సొంతంగా వెతుక్కుని ఉండొచ్చు. తను ఇలాంటి కార్యక్రమంలో ఉన్నట్టు అక్కడ ఎవరికీ చెప్పకపోయి ఉండొచ్చు. ఆ కార్యక్రమం జైలు నుంచి విడుదలైనవాళ్ల కోసమో, మద్యం మానేసినవాళ్ల కోసమో నడిచేదైతే దాని పేరు చెప్పగానే మొత్తం కథ చెప్పినట్టే. ఒక్క ఫోన్ కాల్‌తో, మన బిల్లు పాస్ కావడం కోసం, ఆయన గతాన్ని ఆఫీసులో అందరి ముందూ పెట్టాం.

వేరే దారులున్నాయి. జీతం స్లిప్పును అభ్యర్థే తెచ్చి చూపించవచ్చు. జీతం అంకె కావాలంటే ఉంచి, బ్యాంకు ఖాతా నంబరు మీద పట్టీ వేసి కాపీ తీసుకోవచ్చు. బ్రిటన్‌లో కొన్ని కార్యక్రమాలకు పన్నుల శాఖ దగ్గర ఎలాగూ ఉండే జీతాల రికార్డుతోనే చెల్లింపులు లెక్కగట్టారు. యజమానిని కదిలించాల్సిన పని తగ్గింది. ఆ వ్యవస్థకూ దాని ఇబ్బందులుంటాయి, రెండు ప్రభుత్వ శాఖలు మన జీతం సంగతి మాట్లాడుకుంటున్నాయని అభ్యర్థికి ముందే చెప్పాలి. అయినా ఆ ఫోన్ కాల్ కంటే నయం. అంతదాకా ఎందుకు, మీ కవర్ల మీద, ఎస్ఎంఎస్‌లో కనిపించే పంపినవారి పేరులో, ఈమెయిల్ సబ్జెక్ట్ లైన్లో కార్యక్రమం పేరు ఎలా పడుతోందో రేపు ఆఫీసుకెళ్లగానే చూడండి. ఇంట్లోవాళ్లకు తెలియకుండా వస్తున్న అభ్యర్థులు మీ లిస్టులో తప్పకుండా ఉంటారు.

వాట్సాప్ గ్రూపు గురించి చెప్పకపోతే ఈ సభ నన్ను క్షమించదు. బ్యాచ్ మొదలవగానే గ్రూపు తయారు. ముప్పై మంది నంబర్లు ముప్పై మందికీ కనిపిస్తాయి. ఇంట్లో హింస భరించలేక బయటికి వచ్చి కొత్త సిమ్ తీసుకున్న మహిళ అందులో ఉంటుంది. అదే గ్రూపులో ఆవిడ భర్త తరఫు బంధువు ఉండడని మీకేం గ్యారంటీ? తర్వాత ఎవరో ‘వీళ్ల సర్టిఫికెట్లు ఇంకా రాలేదు’ అని పేర్ల లిస్టుతో పాటు గుర్తింపు కార్డుల ఫొటోలు పెడతారు. అది ముప్పై ఫోన్ల గ్యాలరీల్లో, వాటి క్లౌడ్ బ్యాకప్‌లలో కూర్చుంటుంది. సమాచారం ఒకవైపు నుంచే వెళ్లే బ్రాడ్‌కాస్ట్ జాబితా వాడొచ్చు. విడివిడిగా మెసేజ్ పంపొచ్చు. మెయిల్ అయితే ఒకరి అడ్రసు ఇంకొకరికి కనిపించకుండా అందరి అడ్రసులూ సీసీలో కాకుండా బీసీసీలో పెట్టొచ్చు. ఇవేవీ ఖర్చుతో కూడిన పనులు కావు. దీని మీద ఇంతకంటే ఎక్కువ చెప్పను, ఎందుకంటే ఇది అందరికీ తెలిసిందే.

నేను ఎక్కువసేపు ఆగాలనుకున్నది రిమార్కుల గడి దగ్గర.

ప్రతి అభ్యర్థి రికార్డులో ఒక ఖాళీ గడి ఉంటుంది. మిగతావన్నీ తేదీలు, టిక్కులు. ఈ గడిలో మాత్రం ఏదైనా రాయొచ్చు. సాయంత్రం ఐదున్నరకు, ఆ రోజు పదిహేనో మనిషిని పంపించేశాక, కౌన్సిలర్ టకటకా కొట్టేస్తారు. ‘ఆసక్తి లేదు.’ ‘యాటిట్యూడ్ ప్రాబ్లమ్.’ ‘తాగి వచ్చినట్టుంది.’ ‘ఫ్యామిలీ ఇష్యూస్ ఎక్కువ.’ రాసినవాళ్లు రేపటికి మర్చిపోతారు. గడి మర్చిపోదు. ఆరు నెలలకు ఆ కౌన్సిలర్ మానేసి కొత్తవారు వస్తారు. వాళ్లు మనిషి కంటే ముందు ఆ గడి చదువుతారు. ఇంటర్వ్యూకు ఇద్దరిని పంపాల్సివస్తే మొదట పక్కకు పెట్టేది ‘ఆసక్తి లేదు’ అని ఉన్న మనిషినే.

ఆ ‘ఆసక్తి లేదు’ ఎక్కడి నుంచి వచ్చిందో విప్పి చూడండి. రెండు అపాయింట్‌మెంట్లకు రాలేదు. ఎందుకు రాలేదు? బస్సు డబ్బులు లేక కావచ్చు, తల్లికి ఒంట్లో బాగోక కావచ్చు, మన ఎస్ఎంఎస్ పాత నంబరుకు వెళ్లి ఉండొచ్చు. కంటికి కనిపించింది ‘3వ తేదీ, 10వ తేదీ రాలేదు, ఫోన్ ఎత్తలేదు.’ అదే రాయండి. మన ఊహ రాయొద్దు. తాగి వచ్చారనిపిస్తే ‘మాట తడబడింది, సమావేశం ఇంకో రోజుకు మార్చాం’ అని రాయొచ్చు. మాట తడబాటుకు షుగర్ పడిపోవడం కారణం కావచ్చు, కొన్ని మందులు కారణం కావచ్చు. మనం డాక్టర్లం కాదు.

నేను శిక్షణ ఇచ్చేచోట ఒక అలవాటు పెట్టమంటాను. రాస్తున్నప్పుడు స్క్రీన్‌ను అభ్యర్థి వైపు తిప్పండి. ‘ఇవాళ మనం మాట్లాడుకున్నది ఇలా రాస్తున్నానండీ, సరేనా?’ అని చదివి వినిపించండి. చాలామంది మొదట ఇబ్బంది పడతారు, కౌన్సిలర్లే, అభ్యర్థులు కాదు. ఎదుటి మనిషి ముఖం చూస్తూ ‘యాటిట్యూడ్ ప్రాబ్లమ్’ అని టైప్ చేయడానికి చెయ్యి రాదు. ఇంకో లాభం ఏమిటంటే తప్పులు అప్పటికప్పుడే దొరుకుతాయి. ‘మూడేళ్లు ఖాళీగా లేనండీ, రెండేళ్లు మా నాన్నను చూసుకున్నాను’ అని ఆయనే దిద్దుతాడు. ఆ ఒక్క ముక్క తెలిస్తే రోగుల సంరక్షణ పని వైపు చూడొచ్చని కౌన్సిలర్‌కూ తడుతుంది.

గడిలో రాసినవి మనుషులు చదివితేనే ఇంత తంటా. అభ్యర్థుల వివరాలను కంప్యూటర్ లెక్కకట్టి మార్కులు వేస్తే ఏమవుతుందో రెండు దేశాలు చూశాయి.

పోలండ్‌లో 2014 నుంచి నిరుద్యోగులను మూడు ప్రొఫైళ్లుగా విభజించారు. కొన్ని వివరాలు రికార్డు నుంచి, కొన్ని ఇంటర్వ్యూ జవాబుల నుంచి తీసుకుని కంప్యూటర్ ప్రొఫైల్ నిర్ణయించేది. మూడో ప్రొఫైల్లో పడ్డవాళ్లకు అందే సేవలు చాలా తక్కువ. ఏ జవాబుకు ఎన్ని మార్కులో అభ్యర్థికి చెప్పేవారు కాదు. కంప్యూటర్ చెప్పినదాన్ని మార్చే అధికారం సిబ్బందికి ఉంది, కానీ నూటికి ఒక్కరి విషయంలో కూడా మార్చలేదు. ఇది నన్ను బాగా ఆలోచింపజేసిన సంగతి. ‘చివరి నిర్ణయం మనిషిదే’ అని ఎన్ని కాగితాల మీద రాసుకున్నా, గంటకు నలుగురిని చూడాల్సిన మనిషి స్క్రీన్‌తో ఎందుకు తగాదా పడతాడు? చివరికి 2018లో అక్కడి రాజ్యాంగ ట్రిబ్యునల్ తప్పు పట్టింది. ఇంత కీలకమైన డేటా సేకరణను చట్టంలో పెట్టకుండా మంత్రిత్వశాఖ నిబంధనలతో నడిపించడం కుదరదంది. 2019లో ఆ పద్ధతి తీసేశారు.

ఆస్ట్రియాలో ప్రభుత్వ ఉపాధి సంస్థ ఏఎంఎస్ 2018లో ఒక అల్గారిథం, అంటే కంప్యూటర్ లెక్కగట్టే పద్ధతి, సంగతి బయటపెట్టింది. ఉద్యోగం దొరికే అవకాశాన్ని బట్టి మూడు గ్రూపులు. లెక్కలోకి తీసుకున్నవాటిలో వయసు, పౌరసత్వం, ఆరోగ్యం, స్త్రీ పురుష భేదం ఉన్నాయి. మహిళ అయితే మార్కులు తగ్గేవి. ఇంట్లో చూసుకోవాల్సిన బాధ్యతలుంటే ఇంకా తగ్గేవి, అదీ మహిళలకు మాత్రమే. మార్కెట్లో ఉన్న వివక్షనే అల్గారిథం చూపిస్తోందని సమర్థించారు. ఉన్న వివక్షను కొలిచి, ఆ కొలతను పట్టుకుని సాయం తగ్గిస్తే దాన్నేమంటారో మీరే చెప్పండి. 2020 ఆగస్టులో అక్కడి డేటా రక్షణ సంస్థ దాన్ని ఆపమంది, ఆ తర్వాత వ్యవహారం కోర్టుల మెట్లెక్కింది.

ఈ రెండు చోట్లా దొంగతనం జరగలేదు, డేటా బయటికి పోలేదు. అభ్యర్థులు తమ కోసమని చెప్పిన సంగతులే వాళ్ల సాయానికి కోతపెట్టే లెక్కల్లోకి ఎక్కాయి.

బయటికి పోయిన కథ ఫ్రాన్స్‌ది. ప్రభుత్వ ఉపాధి సంస్థ ఫ్రాన్స్ ట్రావయ్ 2024 మార్చిలో ఒక ప్రకటన చేసింది. సైబర్ దాడిలో 4 కోట్ల 30 లక్షల మంది వివరాలు బయటపడి ఉండొచ్చని. పేర్లు, పుట్టిన తేదీలు, సామాజిక భద్రత నంబర్లు, మెయిళ్లు, చిరునామాలు, ఫోన్లు. పాస్‌వర్డులు, బ్యాంకు వివరాలు పోలేదన్నారు. ఆ దేశ జనాభాయే 7 కోట్లలోపు. నిరుద్యోగులు అంతమంది ఎలా ఉంటారు? ఉండరు. గత 20 ఏళ్లలో ఎప్పుడైనా పేరు నమోదు చేసుకున్నవాళ్లందరి రికార్డులూ అక్కడే ఉన్నాయి. 2006లో రెండు నెలలు పని లేక పేరు రాయించుకుని, ఉద్యోగం దొరికి, అదే ఉద్యోగంలో ఇప్పుడు మేనేజర్‌గా ఉన్న మనిషి వివరాలు కూడా.

లోపలికి ఎలా వచ్చారన్నది ఇంకా ముఖ్యం. గోడలు బద్దలుకొట్టలేదు. వికలాంగులకు ఉద్యోగాలు చూపించే భాగస్వామ్య సంస్థ సలహాదారుల్లా నటించి, వాళ్ల ఖాతాలతో ప్రవేశించారు. ఇక్కడ ఆగి మన సంగతి చూసుకుందాం. ఒక భాగస్వామ్య సంస్థలో పనిచేసే ఒక సలహాదారు లాగిన్‌తో కోట్ల మంది రికార్డులు ఎందుకు తెరుచుకోవాలి? ఆ సలహాదారు చేతిలో ఉండేది ఒక వంద మంది, మహా అయితే రెండు వందల మంది. మీ సాఫ్ట్‌వేర్‌లో ఒక కౌన్సిలర్ లాగిన్ అయితే ఎంతమంది కనిపిస్తున్నారు? తన లిస్టులోవాళ్లే కనిపిస్తే సంతోషం. సెర్చ్ బాక్సులో ఏ పేరు కొట్టినా వచ్చేస్తుంటే, మీ పక్కింటివాళ్ల అమ్మాయి అప్పుల సంగతి మీకు ఒక క్లిక్ దూరంలో ఉందన్నమాట. మానేసిన ఉద్యోగుల లాగిన్లు ఇంకా పనిచేస్తున్నాయేమో కూడా చూసుకోండి. ఒకే పాస్‌వర్డ్‌ను ఆఫీసు మొత్తం వాడుకునే చోట్ల అయితే నేను మాట్లాడేదేమీ లేదు, ముందు అది ఆపండి.

ఎన్నాళ్లు దాచాలి అన్నదానికి అందరికీ సరిపోయే ఒక్క అంకె లేదు. ఆడిట్ కోసం చెల్లింపు రుజువులు కొన్నేళ్లు ఉంచాలని నిధులిచ్చేవాళ్ల ఒప్పందంలో ఉంటుంది. సరే, ఉంచండి. కానీ ఆడిటర్‌కు కావాల్సింది పేరు, చేరిన తేదీ, జీతం రుజువు. కౌన్సిలింగ్ నోట్సు, మెడికల్ సర్టిఫికెట్ ఆయనకెందుకు? మొత్తం ఫైలును ఒకే కట్టగా చూడబట్టే అన్నీ ఏడేళ్లూ పదేళ్లూ ఉండిపోతున్నాయి. విడదీస్తే, అభ్యర్థి ఉద్యోగంలో కుదురుకున్న కొద్ది నెలలకే సున్నితమైన భాగం చెరిపేయొచ్చు.

ఇంకొక్క విషయం, రిపోర్టుల గురించి. ‘మేం పేర్లు తీసేసే పంపిస్తామండీ’ అంటారు. పేరు తీసేస్తే మనిషి మాయమైపోడు. అమెరికాలో లతాన్యా స్వీనీ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1990ల్లో దీన్ని నిరూపించారు. పేర్లు తీసేసి విడుదల చేసిన ఆసుపత్రి డేటాను ఓటర్ల జాబితాతో పోల్చి, మసాచుసెట్స్ గవర్నర్ ఆరోగ్య రికార్డునే పట్టుకున్నారు. పుట్టిన తేదీ, లింగం, మన పిన్ కోడ్ లాంటి ఐదంకెల జిప్ కోడ్ ఈ మూడూ ఉంటే అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తించవచ్చని 2000లో లెక్కగట్టారు. మీ రిపోర్టులో ‘ఈ కేంద్రం, మహిళలు, వినికిడి లోపం: 1’ అని ఉంటే ఆ ఒక్కరెవరో ఆ కేంద్రంలో అందరికీ తెలుసు. చిన్న అంకెలు వచ్చినచోట ‘5 లోపు’ అని వేసి వదిలేయడం మంచి పద్ధతి. పుట్టిన తేదీ బదులు వయసు శ్రేణి చాలు.

నేను చెప్పదలచుకున్నవి ఇవి. ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న (ఒక అభ్యర్థి): నా ఫైల్లో ఏం రాశారో చూపించమని అడగొచ్చా? అడిగితే కోపం పెట్టుకోరా?

జవాబు: అడగొచ్చమ్మా. జీడీపీఆర్ ఉన్న దేశాల్లో అడిగిన నెలలోపు కాపీ ఇవ్వాలి, డబ్బులు తీసుకోకూడదు. మామూలుగా రిమార్కుల గడి కూడా అందులోకే వస్తుంది. వేరే దేశాల్లో చట్టం వేరుగా ఉంటుంది. చట్టం మాట ఎలా ఉన్నా, అడగడానికి ఒక మంచి తీరు చెబుతాను. ‘నా గురించి ఏం రాశారు?’ అనే బదులు ‘నా రికార్డులో తప్పులేమైనా ఉంటే దిద్దుకోవాలి, ఒకసారి చూపిస్తారా? ఎవరెవరికి పంపించారో కూడా చెప్పండి’ అని అడగండి. కాగితం మీద రాసి, తేదీ వేసి ఇవ్వండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. కోపం పెట్టుకుంటారేమో అన్నారు. ఆ భయం ఉందంటేనే ఆ ఆఫీసులో బాగుచేసుకోవాల్సింది చాలా ఉందని అర్థం. ఇక్కడున్న మేనేజర్లు ఈ మాట రాసుకోవాలి.

ప్రశ్న (డేటా ఎంట్రీ ఉద్యోగి): మా దగ్గర ఫారాలు ఇంకా కాగితాలే. ఈ చట్టాలు వాటికి కూడా వర్తిస్తాయా?

జవాబు: భారత చట్టం డిజిటల్ డేటాకే. కాగితం మీదే ఉండిపోతే వర్తించదు, దాన్ని స్కాన్ చేసినా, కంప్యూటర్లో ఎక్కించినా వర్తిస్తుంది. జీడీపీఆర్ అయితే ఒక పద్ధతిలో అమర్చిన కాగితపు ఫైళ్లకు కూడా వర్తిస్తుంది. మీరు ఎంట్రీ చేస్తున్నారంటేనే డిజిటల్ అయిపోయింది కాబట్టి ఆ తేడా మీకు పెద్దగా అక్కరకు రాదు. ఎంట్రీ అయ్యాక ఆ కాగితాలు ఎక్కడుంటాయి?

(అదే ఉద్యోగి): టేబుల్ కింద అట్టపెట్టెలో సార్.

జవాబు: తాళం ఉందా?

(అదే ఉద్యోగి): పెట్టెకు తాళం ఎక్కడుంటుంది సార్. (నవ్వులు)

జవాబు: అయితే సోమవారం తాళం ఉన్న బీరువా ఒకటి అడగండి. ‘ఇవ్వం’ అని అంటే, ఎంట్రీ అయిన ఫారాల్లో మూడో పేజీలు ఎవరికి కావాలో రాతపూర్వకంగా చెప్పమనండి. ఎవరికీ అక్కర్లేదని తేలితే పై అధికారి సంతకం తీసుకుని, లిస్టు రాసుకుని, ముక్కలు చేసే మెషిన్‌లో వేయండి. చిత్తు కాగితాలవాళ్లకు మాత్రం అమ్మకండి.